మచ్చ మీద బొటనవేలు

రిక్షా వచ్చి గుమ్మం ముందు ఆగి అరగంట దాటింది. ఎక్కేవాళ్ళు మాత్రం ఎక్కడం లేదు.

"ఎక్కించీమని సెప్తన్నానా! ఇంకేటి సూత్తన్నావురా తవిటీ?"

అరుస్తున్నది సన్యాసిరాజు. పోర్టు యార్డులో మేస్త్రీ, ఆ ఇంటికి పెద్ద. ఓడ కూత పెట్టినా ఆయన గొంతు దాని మీంచి వినిపిస్తుందని మల్కాపురంలో అందరూ ఒప్పుకుంటారు. ఇవాళ ఆ గొంతంతా తమ్ముడి కొడుకు తవిటయ్య మీద పడింది.

తవిటయ్య అరుగు అంచున కూర్చుని నేల చూపులు చూస్తున్నాడు. గోధుమ ఓడ దించి వచ్చినవాడు, జుట్టులో పొట్టు కూడా దులుపుకోలేదు. పెళ్ళాన్నీ, ఎనిమిది నెలల కూతుర్నీ పుట్టింటికి పంపేయమంటుంటే అవుననడు, కాదనడు.

నడవలో ట్రంకుపెట్టె పక్కన పైడితల్లి నిలబడింది. చంకలో చంటిది, సింహాలు దాని పేరు, తల్లి మెడలో పసుపుతాడు నోట్లో పెట్టుకుని చీకుతోంది. ఈ గొడవంతా తన గురించేనని దానికేం తెలుసు, పాపం!

"నా గుంటకి పెద్దరోగం నేదు పెదమావా," అంది పైడితల్లి.

"నేదని నువ్వు సెప్తే సరిపోద్దేటి? మీయింట్లో ఉంది కాబట్టే వొచ్చింది. మీ తాత ఏలు వంకర నాను సూడనేదా?"

"మా తాత ఏలు సెరుకు గానుగలో పడి నలిగిపోనాది. ఊరంతా సూసినాది!"

"గానుగో, రోగమో! గురువారం అనకాపల్లోళ్ళు ఇల్లు సూడ్డానికి వొత్తన్నారు. ఇంట్లో ఈ గుంట కనబడితే నా కొడుక్కి పిల్లనెవుడిత్తాడు?"

అదీ అసలు మాట. శుక్రవారం పొద్దున జరిగినదాని గురించి ఈపాటికి మల్కాపురంలో వినని ఇల్లు లేదు. నీళ్ళు పోస్తూండగా చంటిది ఒళ్ళంతా ఎర్రగా కందిపోయి, మెడ వాల్చేసింది. అయిదు నిమిషాలకి కళ్ళు తెరిచి ఏడ్చింది, పాలు తాగింది, బాగానే ఉంది. కానీ ఆ అయిదు నిమిషాల్లో కేకలకి పరిగెత్తుకొచ్చిన వాళ్ళందరూ దాని వీపూ తొడలూ చూసేశారు. గోధుమరంగు మచ్చలు, ఒక్కోటి కందిగింజంత, పొంగి నీరుపట్టి ఉన్నాయి. సాయంత్రానికల్లా ఎవరో ఆ మాట అననే అన్నారు. ఇక్కడ కుష్టుని పేరుపెట్టి పిలవరు. పెద్దరోగం అంటారు, అదీ గొంతు తగ్గించి.

ఇంతసేపూ వంటింటి గుమ్మంలో ఒక మనిషి ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది. ఆమె తవిటయ్య తల్లి దేముడమ్మ.

దేముడమ్మ మాట్లాడకుండా నిలబడటమే ఆ ఇంట్లో పెద్ద వింత. వీధి కుళాయి దగ్గర ఆమె నోటికి ఎదురు లేదు. మొగుడు పోయిన ఇరవై ఏళ్ళ నుంచీ చంటిపిల్లలకి నీళ్ళు పోసే పని మీద బతికింది, కొడుకుని పెంచింది. కాళ్ళు బారచాపి, పిల్లని కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి, సున్నిపిండితో నలుగు పెట్టి, ముక్కు తీర్చి, తల గుండ్రంగా వొత్తి, వేడినీళ్ళు పోసి సాంబ్రాణి పొగ వేసేసరికి ఎంత మొండి పిల్లయినా ఆమె చేతుల్లో నిద్రపోవాల్సిందే. గాజువాక నుంచి కూడా మనుషులొచ్చి పిలుచుకెళ్ళేవారు. 'దేముడమ్మ చెయ్యి' అంటే ఆ చుట్టుపక్కల ఒక పేరు.

ఆ దేముడమ్మకి ఇంకెవరికీ తెలియని సంగతి ఒకటి తెలుసు.

శుక్రవారం మొదటిసారి కాదు. నెల రోజులుగా, తను రుద్దినప్పుడల్లా ఆ మచ్చలు లేస్తున్నాయి. మచ్చలు పోవాలని ఇంకాస్త గట్టిగా రుద్దింది. శనగపిండి ఎక్కువ కలిపింది, నీళ్ళు ఇంకాస్త మరగబెట్టింది. శుక్రవారం అయితే మరీ పట్టుదలకి పోయింది. శనివారం, ఆదివారం ఆమె పిల్లని ముట్టుకోలేదు. ఆ రెండు రోజులూ మచ్చలు సిరా చుక్కల్లా అణిగిపోయి ఉన్నాయి.

అంటే తన చేతులే!

ఆ మాట పైకి అంటే ఇంక తనని ఏ ఇంటికి పిలుస్తారు? ఎవరు పిల్లని తన కాళ్ళ మీద పెడతారు? ఇరవై ఏళ్ళ పేరు గంగలో కలిసిపోతుంది. అందుకే నోరు కుట్టేసుకుంది.

సన్యాసిరాజు ఇంక ఆగలేక తనే ట్రంకుపెట్టె లేవదీసి రిక్షాలో పడేశాడు. పైడితల్లి మొగుడి వైపు ఒక్కసారి చూసింది. వాడు తలెత్తలేదు. ఆమె కళ్ళు తుడుచుకోకుండానే మెట్టు దిగింది.

దేముడమ్మ వంటింటి గుమ్మం వదిలి వీధిలోకి వచ్చేసింది.

"ఆగండి బావగారూ!"

మొగుడి అన్నగారి మాటకి ఆమె ఇంతకాలంలో అడ్డం చెప్పింది లేదు.

"గుంట ఒంటి మీద మచ్చలు ఉత్తప్పుడు పడుకునే ఉంటాయి. నాను రుద్దితేనే లెగుత్తాయి. నెల్లాళ్ళ బట్టీ సూత్తన్నాను. శుక్రవారం నానే కసికొద్దీ రుద్దీసి, మరిగే నీళ్ళు పోసీసినాను. గుంట నా సేతుల్లో వాలిపోనాది. దాని తల్లి వల్ల కాదు. ఆ తాత ఏలు వల్ల అసలే కాదు."

కంచె అవతల నిలబడ్డ పొరుగింటి రామలక్ష్మమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"ఓలమ్మో! మా గుంటడికి కూడా నువ్వే కదే నీళ్ళు పోత్తన్నావు!"

అనుకున్నంతా అయింది. దేముడమ్మ కంచె వైపు చూడలేదు. ఆమెకి భయం వేసింది పొరుగువాళ్ళని చూసి కాదు, కోడలి మొహం చూసి.

"మూడ్రోజులు," అంది పైడితల్లి. "మూడ్రోజులు నన్ను తిట్టనోడు నేడు. నా పాలు ఇసమన్నారు. నువ్వు తెలిసీ నోరు మూసుకున్నావేటి అత్తా?"

దేముడమ్మ చెంగు చివర వేలికి చుట్టుకుంది.

"మాటాడు! మాటాడవేటి?"

"తప్పయిపోనాది," అంది దేముడమ్మ. అంతే.

సన్యాసిరాజు తేరుకున్నాడు. "సేతులు లెగదీసినాయా, కాళ్ళు లెగదీసినాయా నాకనవసరం. మచ్చలున్నాయా నేదా? డాక్టరు దగ్గిర కాయితం తెండి. పెద్దరోగం కాదని సంతకం పెట్టిన కాయితం. అది లేకండా ఈ గుమ్మం తొక్కితే నాను మనిషిని కాను!"

"తెత్తాం," అంది దేముడమ్మ. చీర చెంగు నడుముకి దోపి, కోడలి కన్నా ముందు తనే రిక్షా ఎక్కి కూర్చుంది. "బస్టాపుకి పోనీ బాబూ. పెద్దాసుపత్రికెల్లాల."

తవిటయ్య అప్పుడు మాత్రం లేచాడు. లేచి, రిక్షా మలుపు తిరిగేదాకా చూసి, మళ్ళీ కూర్చున్నాడు.

*

బస్సులో అత్తాకోడళ్ళు పక్కపక్కనే కూర్చున్నా మధ్యలో సముద్రమంత దూరం. చంటిది నాయనమ్మని చూసి చేతులు చాచింది. పైడితల్లి దాన్ని అవతలి భుజానికి మార్చుకుంది. దేముడమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

వాల్తేరు పెద్దాసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో డాక్టర్ గురునాథరావు గారి ముందు పెద్ద వరసే ఉంది. ఆయన చుట్టూ తెల్లకోట్లు వేసుకుని అరడజను మంది విద్యార్థులు. మనిషి పొట్టి, మాట గట్టి. మచ్చల్ని భూతద్దంతో చూశాడు. దూదిని పుల్లలా నులిమి మచ్చ మీద ఆనించాడు. చంటిది చక్కిలిగిలి పుట్టి కిలకిలా నవ్వి కాలు లాక్కుంది.

"కుష్టు మచ్చయితే స్పర్శ ఉండదు. దీనికి బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు విద్యార్థులతో. తర్వాత పైడితల్లి వైపు తిరిగాడు. "ఏమ్మా, కుష్టు అని ఎవరన్నారు?"

"ఊరందరూను బాబూ."

"ఊరందరికీ డాక్టరు పట్టా ఎవరిచ్చారో! ఇది అది కాదు. అయితే ఏమిటో కూడా చెప్పాలి కదా. కాదు అని మాత్రం రాసిస్తే మీ ఇంట్లో ఊరుకుంటారా?"

"ఊరుకోరండి," అంది దేముడమ్మ వెనకనుంచి. "మా బావగారు అస్సలు ఊరుకోరు. బాబూ, ఒక్క మాట. ఆ మచ్చలు రుద్దితే లెగుత్తాయి."

డాక్టరుగారి చేతిలో కలం ఆగిపోయింది.

"ఏమన్నావ్?"

"రుద్దితే లెగుత్తాయండి. రుద్దని కాడ లెగవు. మచ్చ నేని సోట ఎంత రుద్దినా ఏటీ అవ్వదు. నాను పిల్లలకి నీళ్ళు పోసేదాన్ని. నా సేతికి తెలుసు."

"ఎంతసేపటికి లేస్తాయి?"

"ఆకూ వక్కా నమిలినంత సేపు. ఒళ్ళు తుడిసి పొగ ఎయ్యడానికి కూకునేలోగా పొంగిపోతాయి. మల్లీ మజ్జాన్నానికి అణిగిపోతాయి."

గురునాథరావు గారు కుర్చీలోంచి లేచాడు. విద్యార్థులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన లేవడం వాళ్ళెప్పుడూ చూడలేదట.

"ఒక్క మచ్చ మీద చూపించు. ఒక్కటే. మెల్లిగా."

దేముడమ్మ చెయ్యి చాచింది. పైడితల్లి పిల్లని గుండెకి హత్తుకుని రెండడుగులు వెనక్కి వేసింది.

"వొద్దు. నా గుంట మీద మల్లీ సెయ్యెయ్యనివ్వను. శుక్రవారం దాని మెడ వాలిపోతే నా పేణం పోనాది. మీరే సూసుకోండి డాక్టరు బాబూ."

"నేనూ చెయ్యగలను," అన్నాడాయన. "కానీ నెల రోజులుగా చూసిన మనిషి ఈమె. ఎంత గట్టిగా రుద్దితే లేస్తుందో ఈమె చేతికి తెలుసు, నాకు తెలీదు. అవసరమయితే మందు సూదిలో సిద్ధంగా ఉంటుంది. భయం లేదు."

దేముడమ్మ కోడలి ఎదురుగా నిలబడి, నలుగు పెట్టి పెట్టి మెత్తబడిన రెండు చేతులూ వొట్టిగా వదిలేసింది.

"నువ్వు సరేనంటేనే పైడీ," అంది. "నువ్వు వొద్దంటే ఇలగే తిరిగి ఎల్లిపోదాం. నాను బలవంతం సెయ్యను."

పైడితల్లి ఆమె మొహంలోకి చూసింది. అత్త తనని అనుమతి అడగడం ఇదే మొదలు. అప్పుడు పిల్లని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, గౌను పైకెత్తి, తన వేలితో ఒక మచ్చ చూపించింది.

"ఇదొక్కటే."

దేముడమ్మ బొటనవేలు ఆ మచ్చ మీద ఆన్చింది. అయిదారు సార్లు, శనగపిండి రుద్దే వత్తిడే, మెల్లిగా. పక్కనే మచ్చలేని చోట కూడా అలాగే రుద్దింది. చెయ్యి తీసేసింది. డాక్టరుగారు గడియారం చూస్తున్నాడు. విద్యార్థులు మెడలు చాచారు.

నిమిషం. ఏమీ లేదు. దేముడమ్మ మచ్చ మీంచి చూపు తిప్పలేదు. తన మాట అబద్ధమైపోతే? ఆసుపత్రిలో ఇంతమంది ముందు పరువు పోతే పోయింది, కోడలి గతేమిటి?

రెండో నిమిషం దాటుతుండగా మచ్చ అంచు ఎర్రబడింది. చూస్తూండగానే పొంగింది. గోధుమరంగు కందిగింజ కాస్తా దోమకుట్టిన దద్దురంత అయి, చుట్టూ ఎర్రటి వలయం కట్టింది. పక్కనున్న ఉత్త చర్మం మాత్రం పాల మీగడలా అలాగే ఉంది.

"లేచింది!" అని గట్టిగా అరిచేశాడు గురునాథరావు గారు. వరసలో ఉన్న రోగులంతా గుమ్మంలోకి తొంగిచూశారు. "చూశారా? పుస్తకంలో చదివారు కదా, ఇదిగో ఎదుట! పాతికేళ్ళ సర్వీసులో నాకిది మూడో కేసు!"

దేముడమ్మ వేలు ఇంకా గాలిలోనే ఉంది. "బాబూ, మరి ఇది ఏ రోగం?"

ఆయన స్టూలు లాక్కుని ఆమె ముందు కూర్చున్నాడు.

"మీ మల్కాపురంలో పోర్టు గేటు దగ్గర కాపలావాళ్ళుంటారా?"

"ఉంటారు."

"వాళ్ళ దగ్గర ఈలలుంటాయి. దొంగ లోపలికొస్తే ఈల వేస్తారు. నలుగురూ పరిగెత్తుకొస్తారు, గొడవవుతుంది. మన ఒంట్లో కూడా అలాంటి కాపలా కణాలున్నాయి. మాస్ట్ కణాలంటారు. చర్మంలో, ముక్కులో, పేగుల్లో, బయటి వస్తువు లోపలికొచ్చే ప్రతి గుమ్మంలోనూ ఉంటాయి. ఒక్కో కణం నిండా మందుగింజలు. ఏదైనా తగిలితే ఆ గింజలు వదిలేస్తాయి. రక్తనాళాలు వదులై నీరు ఊరుతుంది, చోటు ఎర్రబడుతుంది, వాస్తుంది, దురద పెడుతుంది. కందిరీగ కుడితే వాచేది అందుకే. నీ కొడుకు ఏం చేస్తాడు?"

"గోధుమ ఓడలు దించుతాడండి."

"తుమ్ముతాడా?"

"తుమ్ములేటి బాబూ! మొదలెడితే ఆగడు. కళ్ళు కూడా ఎర్రబడిపోతాయి."

"అది కూడా వీటి పనే. ముక్కులో ఉన్నవి గోధుమ ధూళిని చూసి ఈల వేస్తాయి. కొందరికి ఉబ్బసం వచ్చినప్పుడు ఊపిరితిత్తుల్లోనూ ఇవే. మీ మనవరాలికి ఏం జరిగిందంటే, ఆ మచ్చలున్న చోట కాపలావాళ్ళు ఒక్కరిద్దరు కాకుండా గుంపులుగా చేరిపోయారు. నువ్వు రుద్దితే అందరూ ఒక్కసారి ఈల వేస్తున్నారు. శుక్రవారం ఒళ్ళంతా రుద్ది వేడినీళ్ళు పోశావు. ఒంట్లో రక్తనాళాలన్నీ ఒకేసారి వదులైపోయి రక్తపు ఒత్తిడి పడిపోయింది. అందుకే మెడ వాల్చేసింది."

దేముడమ్మ మొహం నల్లబడిపోయింది. "అయితే నానే సంపీబోయినాను."

"జబ్బు ముందే ఉందమ్మా. నువ్వు తెచ్చింది కాదు. కానీ నువ్వు రుద్దడం ఆపకపోతే ప్రమాదమే, అది నిజం. ఇంకో నిజం కూడా విను. నువ్వు సిగ్గుపడి ఈ మాట దాచేసి ఉంటే నేను ఏ గజ్జి మందో రాసి పంపేసేవాణ్ణి."

పైడితల్లి పిల్లకి గౌను సర్దుతూ, అత్త కూర్చోవడానికి బల్ల మీద కాస్త చోటు వదిలింది.

మచ్చలోంచి చిన్న ముక్క కోసి పరీక్షకి పంపారు. మళ్ళీ మెడ వాలకుండా చూడాలని పిల్లని గురువారం దాకా వార్డులో ఉంచుకున్నారు. ఆ మూడు రోజులూ తవిటయ్య భోజనం క్యారేజీ తనతో ఓడలు దించే కలాసీ చేత పంపాడు. తను మాత్రం రాలేదు. క్యారేజీ వచ్చినప్పుడల్లా పైడితల్లి దాని వెనక ఎవరైనా ఉన్నారేమోనని గుమ్మం వైపు చూసేది. దేముడమ్మ ఆ చూపు చూసి తల దించుకునేది. కొడుకుని తన చేతులతో పెంచింది కదా మరి.

*

గురువారం పదకొండు గంటలకి పిలుపొచ్చింది. ప్రయోగశాలలో అప్పలసూరి అనే మనిషి కూర్చున్నాడు. చర్మం ముక్కని ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, గాజుపలక మీద అంటించి రంగు వేసేది అతనే. వేళ్ళన్నీ నీలి.

"మామూలు రంగులో ఇవి దాక్కుంటాయండి," అన్నాడు అతను, ఏదో దొంగతనం పట్టుకున్నవాడి ఉత్సాహంతో. "అందుకని డాక్టరుగారు టోలుయిడిన్ నీలం వేయించారు. దాంట్లో తక్కినవన్నీ నీలంగా అయిపోతాయి. ఈ కణాల గింజలు మాత్రం రంగు మార్చేస్తాయి. ఇంక దాక్కోలేవు."

గురునాథరావు గారు సూక్ష్మదర్శినిలో చూశాడు. చూసి లేచి, దేముడమ్మని రమ్మని సైగ చేశాడు.

"నానేటి బాబూ? నాకు సదువు రాదు."

"అక్కడ అక్షరాలేం లేవు. ఒక కన్ను మూసుకుని చూడు."

దేముడమ్మ వంగింది. మొదట తన కనురెప్పే కనిపించింది. తర్వాత నీలం. ఆ నీలంలో గుంపులు గుంపులుగా సంచులు, ఒక్కోదాని నిండా ఇసకరేణువుల్లాంటి గింజలు, నేరేడుపండు రంగులో.

"ఓలమ్మ! ఇన్నున్నాయే!" అంది. "పైడీ, సూడే, సూడు! ఇయ్యేనే! నా ఏలు కింద లెగిసినయ్యి ఇయ్యే!"

పైడితల్లి కదిలింది. సూక్ష్మదర్శినిలో చూడాలంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఆమె ఒక్క క్షణం ఆగి, చంకలో పిల్లని అత్త చేతుల్లో పెట్టేసింది.

శుక్రవారం తర్వాత మళ్ళీ ఇప్పుడే సింహాలు నాయనమ్మ దగ్గరికి వచ్చింది. వచ్చీరాగానే ఆమె ముక్కు పట్టుకుని లాగింది. దేముడమ్మకి కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. పిల్ల వీపు మీద చెయ్యి వెయ్యడానికి భయపడి మోచేతుల మీద మోసింది.

"ఎత్తుకుంటే ఏం కాదు," అని నవ్వాడు డాక్టరుగారు. "రుద్దొద్దు, అంతే. గోరువెచ్చటి నీళ్ళు. తుడిచేటప్పుడు అద్దాలి, రాపాడించకూడదు. జ్వరం వస్తే దుకాణంలో ఆస్ప్రిన్ బిళ్ళ కొని వెయ్యొద్దు, అది కూడా వీటిని రెచ్చగొడుతుంది. దురదకి మందు రాస్తాను. ఒళ్ళు ఎర్రబడి వాలిపోతే పరిగెత్తుకురండి. ఇంత చిన్నప్పుడు వచ్చినవి చాలామందికి పెద్దయ్యేసరికి పోతాయి."

"కాయితం బాబూ," అంది దేముడమ్మ. "తెలుగులో రాయండి. ఇంగిలీసులో రాస్తే మా బావగారు ఆయనకి కావలసింది సదివీగలరు."

ఆయన నవ్వి రెండు భాషల్లోనూ రాశాడు. ముద్ర వేసి ఇస్తూ అన్నాడు: "శనివారం ఒకసారి రావాలమ్మా. మా క్లాసులో పిల్లలకి నువ్వు చెప్పాలి, ఎప్పుడు లేస్తుంది, ఎంతసేపుంటుంది అని. నేను చెప్తే నిద్రపోతున్నారు."

"నాను పాఠం సెప్పాలా!" అంది దేముడమ్మ. ఆసుపత్రి మెట్లు దిగేటప్పుడు ఆమె నడక చూడాలి. వాల్తేరు అంతా తనదే అన్నట్టుంది.

*

వాళ్ళు మల్కాపురంలో రిక్షా దిగేసరికి అనకాపల్లి వాళ్ళు అరుగు మీద బెంచీల మీద కూర్చుని సోడాలు తాగుతున్నారు. అయిదారుగురు. మధ్యలో ఇస్త్రీ చొక్కా వేసుకుని సన్యాసిరాజు.

ఆయన వీళ్ళని చూడనే చూశాడు. మొహంలో రక్తం లేదు. 'దొడ్డిదారిన, దొడ్డిదారిన' అని కళ్ళతో, చేత్తో, చివరికి గెడ్డంతో కూడా సైగ చేశాడు.

దేముడమ్మ పిల్లని చంకలో వేసుకుని వీధిగుమ్మం వైపే నడిచింది. కంచె దగ్గర రామలక్ష్మమ్మ చేటలో బియ్యం ఏరడం ఆపేసింది.

"బావగారూ, కాయితం తెమ్మన్నారు. తెచ్చినాం."

"ఇప్పుడేల? తరవాత సూద్దాం, తరవాత..."

"ఏం కాగితం?" అన్నాడు అనకాపల్లి పెద్దాయన.

"మా మనవరాలికి పెద్దరోగమని మా కోడల్ని ఇంట్లోంచి పంపీసినారండి. పెద్దరోగం కాదని డాక్టరుగారు రాసిచ్చినారు. సదువు పైడీ. గట్టిగా సదువు. ఈది సివరోళ్ళకి కూడా ఇనబడాల!"

పైడితల్లి పదో తరగతి చదివిన పిల్ల. గొంతు సవరించుకుంది. మొదటి వాక్యం వణికింది, రెండోది నిలబడింది.

"ఈ పాపకు కుష్టువ్యాధి లేదు. ఇది అంటువ్యాధి కాదు. తల్లి పాల వల్లగాని, తల్లి వంశం వల్లగాని వచ్చినది కాదు. చర్మంలో మాస్ట్ కణాలు ఎక్కువగా చేరడం వల్ల వచ్చింది. పాప అందరితో కలిసి పెరగవచ్చు. పిల్లకు నీళ్ళు పోసే దేముడమ్మగారు గమనించి చెప్పినందువల్ల ఈ జబ్బు గుర్తించగలిగాము."

చివరి వాక్యం డాక్టరుగారు రాశాడని దేముడమ్మకి అప్పటిదాకా తెలీదు. కోడలు చదివితేనే విన్నది. "ఏటీ? మల్లీ సదువు!" అంది. పైడితల్లి మళ్ళీ చదివింది, ఈసారి 'దేముడమ్మగారు' దగ్గర ఇంకాస్త గట్టిగా.

అనకాపల్లి పెద్దావిడ బెంచీ మీంచి లేచి వచ్చింది. సింహాలు బుగ్గ పుణికింది. అందరి ఎదురుగా దాన్ని ఎత్తుకుంది.

"డాక్టరుకి పాఠం సెప్పిన మనిషి ఈ ఇంట్లో ఉందంటే మాకు అంతకన్నా ఏటి కావాల?" అంది. "రేపు మా అమ్మాయికి కానుపైతే నీళ్ళు నువ్వే పొయ్యాల వదినా."

"మా గుంటడికి కూడా రేపొచ్చీ," అంది కంచె అవతలి నుంచి రామలక్ష్మమ్మ, బియ్యం చేట గాల్లో ఊపుతూ. "నాలుగ్రోజులై సరిగా పడుకోడం నేదు ఎదవ!"

అరుగంతా నవ్వులు. సన్యాసిరాజు కూడా నవ్వాలి కాబట్టి నవ్వాడు. "అదీ... నాను ముందే అన్నాను కదేటి, డాక్టరుకి సూపించమని! నాను అనబట్టే కదా ఎల్లినారు!"

"అవునవును, మీరనబట్టే," అంది దేముడమ్మ. ఆమెకి ఎంత సంతోషంగా ఉందంటే, ఆ మాట కూడా ఆయనకి వదిలేసింది.

"లోపలికి రా పైడితల్లీ, రా అమ్మా," అన్నాడు సన్యాసిరాజు, పెద్దరికం తెచ్చుకుని. "నీ ఇల్లు నీది."

పైడితల్లి రాలేదు.

కాగితం మడతపెట్టి రవికలో దోపుకుంది. అనకాపల్లి ఆవిడ దగ్గర పిల్లని తీసుకుంది. గుమ్మం ముందు మెట్టు మీద, ఎండలోనే, కూర్చుంది.

"ఏటే? లోపలికి రావేటి?" అంది దేముడమ్మ.

"నా గుంటకి రోగం నేదని కాయితం వొచ్చింది అత్తా," అంది పైడితల్లి. కేకలు లేవు, ఏడుపు లేదు. "ఆ కాయితం సేతిలో నేనప్పుడు, సోమవారం నాడు, మా ఇద్దర్నీ రిక్షా ఎక్కించమంటే మీయబ్బాయి కూకుని నేల సూసినాడు. ఒక్క మాట అననేదు. మూడ్రోజులు ఆసుపత్రి గుమ్మం తొక్కనేదు. రేపు ఇంకోటేదో వొత్తాది. ప్రెతిసారీ కాయితం తెచ్చుకుని కాపరం సెయ్యాలేటి నాను?"

సన్యాసిరాజు గొంతు సవరించుకుని, సోడా సీసా చేతిలోకి తీసుకున్నాడు.

సర్దిచెప్పాలి. అత్తగారు కనక నాలుగు మంచిమాటలు చెప్పి కోడల్ని లోపలికి తీసుకెళ్ళాలి. చుట్టాల ముందు ఇంటి పరువు అది. అందరూ దేముడమ్మ వైపే చూశారు.

దేముడమ్మ చేతిసంచీ కింద పెట్టింది. కోడలి పక్కన అదే మెట్టు మీద చతికిలబడింది. చంటిదాని మీద ఎండ పడకుండా చెంగు అడ్డం పట్టింది.

"నాను కూడా రాను," అంది. "మూడ్రోజులు నోరు మూసుకున్నదానికి నన్నయితే ఈ తల్లి సెమించి ఒగ్గీసినాది. వోడి సంగతి వోడే తేల్సుకోవాల."

పైడితల్లి మెల్లిగా తల తిప్పి అత్తని చూసింది. ఈ వారంలో మొదటిసారి ఆమె పెదాల మీదికి నవ్వొచ్చింది.

షిఫ్టు సైరను మోగింది. రెండింటి డ్యూటీ దిగిన వాళ్ళ సైకిళ్ళు వీధిలోకి వచ్చాయి. తవిటయ్య సైకిలు వాటి వెనక. అరుగు నిండా చుట్టాలు, కంచె నిండా పొరుగువాళ్ళు, మెట్టు మీద తల్లీ, పెళ్ళామూ, నవ్వుతున్న కూతురూ. వాడు బ్రేకు వేసి కాలు ఆనించాడు.

"అమ్మా," అన్నాడు. "ఎండలో కూకున్నారేటి? లోపలికి రండి."

దేముడమ్మ కదల్లేదు.

"నన్ను కాదురా పిలవాల్సింది," అంది. "దాన్ని పిలు. అందరికీ ఇనబడేలా పిలు."